సంఘం కంప్యూటరులో ప్రాసెసరు మార్చవలెనా?

పాలసేకరణ కేంద్రాలలో కంప్యూటరు పెట్టుకున్న సంఘాలలో చాలాచోట్ల ఆ యంత్రం వయస్సు ఇప్పుడు పది, పన్నెండు సంవత్సరాలు. కొన్న కొత్తలో బాగానే పనిచేసింది. ఇప్పుడు ఉదయం మీట నొక్కితే తెర సిద్ధమయ్యేసరికి నాలుగు క్యాన్లు వచ్చి వరుసలో నిలబడుతున్నవని, పదిహేను రోజుల పాల బిల్లు తీయబోతే మధ్యలో బిగుసుకుపోతున్నదని కార్యదర్శులు చెబుతున్నారు. పట్నంలో దుకాణదారును అడిగితే “ప్రాసెసరు మార్చండి, కొత్తదానిలాగా పరుగెత్తుతుంది” అంటాడు. పాలకవర్గం ఎదుట తీర్మానం పెట్టకముందే ఆ మాటలో నిజమెంతో సభ్యులందరూ తెలుసుకొని ఉండటం మంచిది. ఖర్చయ్యేది సంఘం సొమ్ము. అది లీటరుకు ఇన్ని పైసలని మీ పాల మీద మిగిల్చిన సొమ్ము.

ముందుగా ఒక మాట చెప్పి తర్వాత వివరాలలోకి వెళ్తాము. ప్రాసెసరు మార్చడం సాధ్యమే, కొన్ని యంత్రాలకు అది నిజంగా లాభమే. కాని నిదానించిన ప్రతి కంప్యూటరుకూ జబ్బు ప్రాసెసరులో ఉండదు. పశువు మేత మానేసిందని చెప్పగానే కడుపులో మందు పోసే వైద్యుడు మంచి వైద్యుడు కాడు గదా. ముందు నోరు తెరిచి చూడాలి, జ్వరం చూడాలి.

ప్రాసెసరు అంటే కంప్యూటరులో లెక్కచేసే భాగం. నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరపు బిళ్ళ. ఇంటెల్ కంపెనీ 1971లో అమ్మిన తొలి ప్రాసెసరు 4004లో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. మన దేశంలో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన మరుసటి సంవత్సరం అది. 2012లో వచ్చిన ఐ7-3770 అనే ప్రాసెసరులో ఆ సంఖ్య సుమారు 140 కోట్లు. ఇంత పెరిగినా అది చేసే పని ఒకటే. ఇచ్చిన అంకెలను తీసుకోవడం, చెప్పినట్లు కూడి, గుణించి, పోల్చి, ఫలితాన్ని తిరిగి ఇవ్వడం.

మన సంఘం గదినే ఊహించుకోండి. లెక్కలు వేసే గుమస్తా ప్రాసెసరు. అతని ముందున్న బల్ల ర్యామ్, అంటే తాత్కాలిక జ్ఞాపకశక్తి. గోడవారన ఉన్న రిజిస్టర్ల బీరువా హార్డ్ డిస్కు. గుమస్తా ఎంత చురుకైనవాడైనా, బల్ల ఇరుకైతే ఒక రిజిస్టరు మూసి బీరువాలో పెట్టి మరొకటి తెచ్చుకోవలసిందే. బీరువా తలుపు తుప్పుపట్టి తెరవడానికే అయిదు నిమిషాలైతే, ఇంకా చురుకైన గుమస్తాను తెచ్చి కూర్చోబెట్టినా అతడు కూడా చేతులు ముడుచుకొని ఎదురుచూడటమే. పాత కంప్యూటర్లలో తరచుగా జరుగుతున్నది ఇదే.

జబ్బు ఎక్కడున్నదో చూడటం

ఇది తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. యంత్రం నిదానించిన సమయంలోనే, అంటే సేకరణ జరుగుతున్నప్పుడో బిల్లు తయారవుతున్నప్పుడో, కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలను కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ అనే పట్టిక తెరుచుకుంటుంది. విండోస్ 10లో అయితే అందులో సి.పి.యు., మెమరీ, డిస్క్ అని మూడు గడులు, వాటిపైన శాతాలు కనిపిస్తాయి. మీకు ఒక్కటే గడి కనబడితే కింద ఉన్న ‘మోర్ డీటెయిల్స్’ నొక్కండి. విండోస్ 7లో ఈ పట్టికలో డిస్కు గడి ఉండదు. అక్కడినుండే ‘రిసోర్స్ మానిటర్’ తెరవవలసి ఉంటుంది.

డిస్కు నూటికి నూరు చూపుతూ, సి.పి.యు. ఇరవై ముప్పై దగ్గర ఆడుతుంటే జబ్బు బీరువాలో ఉన్నది. పాత తిరుగుడు హార్డ్ డిస్కు తీసి ఎస్.ఎస్.డి. పెట్టించండి. ఇందులో తిరిగే భాగాలుండవు, కావలసిన సమాచారం ఎక్కడున్నా వెంటనే అందుతుంది. బోర్డు పాతదైనా, తీగ వేగం సగమే అయినా, తేడా మొదటిరోజే తెలుస్తుంది. మెమరీ తొంభైకి పైన ఉంటే బల్ల ఇరుకైనదన్నమాట. ఆ రోజుల్లో రెండు జి.బి. ర్యామ్‌తో అమ్మిన యంత్రాలు ఎన్నో ఉన్నవి. ఇంకొక చెక్క చేర్చవచ్చు. అయితే మీ విండోస్ 32 బిట్లదైతే నాలుగు జి.బి.కి మించి వాడుకోలేదు కనుక, అంతకుమించి కొనడం వృథా.

సి.పి.యు. గడి ఒక్కటే చాలాసేపు నూరు దగ్గర నిలిచి, మిగిలిన రెండూ నిమ్మళంగా ఉంటే అప్పుడు ప్రాసెసరు సంగతి ఆలోచించాలి. అప్పుడు కూడా వెంటనే కాదు. ఆ పట్టికలోనే ఏ ప్రోగ్రాము దానిని తింటున్నదో చూడండి. మన పాలసేకరణ సాఫ్ట్‌వేరు కాకుండా, ఎవరో సరదాకు ఎక్కించిన ఆట, పాటల ప్రోగ్రాము, లేక వైరసు కావచ్చు. దాన్ని తీసివేస్తే సరిపోతుంది.

ఇంకొక సంగతి సంఘాల గదులకే ప్రత్యేకం. చాలాచోట్ల కంప్యూటరు పక్కనే దాణా బస్తాలు పేర్చుతారు. తవుడు పొడి గాలిలో లేచి పంకా ద్వారా యంత్రం లోపలికి పోతుంది. క్యాన్లు కడిగిన తేమకు అది ప్రాసెసరు మీది అల్యూమినియం రెక్కల మధ్య అట్టకడుతుంది. వేడి బయటకు పోదు. ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. ఇది కంపెనీవారు కావాలనే పెట్టిన ఏర్పాటు. చూసేవారికి మాత్రం యంత్రం ముసలిదైనట్లు అనిపిస్తుంది. మెత్తని బ్రష్షుతో, గాలి ఊదే పంపుతో శుభ్రం చేసి, ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాస్తే సగం వేగం తిరిగివచ్చిన యంత్రాలు ఉన్నవి. దాణాను మరొక గదిలోకి మార్చడం మరీ మంచిది. ఆ మాట దాణా కోసం కూడా చెబుతున్నాము.

చివరిగా, వరుస కదలకపోవడానికి కారణం అసలు కంప్యూటరు కాకపోవచ్చు. అల్ట్రాసోనిక్ పద్ధతి మిల్క్ ఎనలైజరు ఒక్కొక్క శాంపిలుకు సుమారు అర నిమిషం నుండి ఒక నిమిషం, కొన్ని రకాలు అంతకన్నా ఎక్కువ తీసుకుంటాయి. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. వచ్చేదాకా కంప్యూటరు ఖాళీగానే ఉంటుంది. ఎంత ఖరీదైన ప్రాసెసరు వేసినా ఆ అర నిమిషం తగ్గదు. ఒక ఉదయం పూట గడియారం దగ్గర పెట్టుకొని, శాంపిలు పోసినప్పటి నుండి అంకె వచ్చేదాకా ఎంత, అంకె వచ్చినప్పటి నుండి చీటీ చేతికి వచ్చేదాకా ఎంత అని పదిమంది సభ్యులకు రాసి చూడండి. రెండవ అంకె పెద్దదైతేనే కంప్యూటరును అనుమానించాలి. అందులోనూ ప్రింటరు వాటా ఉంటుంది.

ప్రాసెసరే కారణమైనప్పుడు

ఇవన్నీ చూసిన తర్వాత కూడా ప్రాసెసరే చాలడం లేదని తేలే సంఘాలు కొన్ని ఉంటాయి. పాలసేకరణ ఒక్కటే చేసేటప్పుడు చాలిన యంత్రం మీద ఇప్పుడు సభ్యుల ఖాతాలకు సొమ్ము పంపే పని, ఇంటర్నెట్టులో యూనియన్‌కు లెక్కలు పంపే పని, సమావేశాలు చూసే పని వచ్చి పడ్డవి. ఇంటర్నెట్టు బ్రౌజరు ఒక్కటే పాత సాఫ్ట్‌వేర్లన్నిటికన్నా బరువు. రెండు కోర్ల పెంటియమ్ ప్రాసెసరు అక్కడ నిజంగానే ఆయాసపడుతుంది.

కోరు అంటే ఒక ప్రాసెసరులో ఉన్న ఒక లెక్కవేసే విభాగం. రెండు కోర్లంటే ఇద్దరు గుమస్తాలు, నాలుగంటే నలుగురు. నలుగురున్నంత మాత్రాన ప్రతి పనీ రెండింతల వేగంతో అవుతుందనుకోకూడదు. ఒకే వరుసలో ఒకదాని తర్వాత ఒకటి వేయవలసిన లెక్కను నలుగురు పంచుకోలేరు. ఒక శాంపిలును ఒక్క టెస్టరే చూడాలి గాని నలుగురు కలిసి చూస్తే తొందరగా తేలదు. చాలా పాత బిల్లుల ప్రోగ్రాములు ఈ రకానివే. ఒకేసారి నాలుగైదు పనులు తెరిచి ఉంచే చోట నాలుగు కోర్లు ఉపకరిస్తాయి.

గిగాహెర్ట్జ్ అనే అంకె చూసి మోసపోవద్దు. పాత పెంటియమ్ 4 ప్రాసెసర్లు 2004లోనే 3.8 గిగాహెర్ట్జ్ దాకా పోయినవి. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో ఈ6600 కేవలం 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తూ వాటిని దాటిపోయింది. ఒక్కొక్క చుట్టుకు ఎంత పని చేస్తుందన్నదే ముఖ్యం. గేదె ఎన్నిసార్లు మేపుకు తిరిగిందని ఎవరూ అడగరు, పూటకు ఎన్ని లీటర్లిచ్చిందని అడుగుతారు.

ఇక అసలు విషయం. ఏ ప్రాసెసరు పడితే ఆ ప్రాసెసరు ఏ యంత్రంలోనూ కూర్చోదు. మదర్‌బోర్డు మీద ప్రాసెసరు కూర్చునే పీటను సాకెట్ అంటారు. ఇంటెల్ సాకెట్లకు వాటి కొనల లెక్కే పేరు. 2004లో 775, 2009లో 1156, 2011లో 1155, 2013లో 1150, 2015లో 1151, 2020లో 1200, 2021లో 1700 వచ్చినవి. ఇవి ఒకదానిలో ఒకటి పట్టవు. పేరు ఒకటే అయినా పట్టనివి కూడా ఉన్నవి: 1151 సాకెట్టులోనే ఆరు, ఏడు తరాల బోర్డులు వేరు, ఎనిమిది, తొమ్మిది తరాల బోర్డులు వేరు. ఎ.ఎమ్.డి. కంపెనీ పద్ధతి కొంత మెరుగు. 2016లో వచ్చిన ఎ.ఎమ్.4 సాకెట్టును ఆ కంపెనీ చాలా సంవత్సరాలు కొనసాగించింది.

మాకు తెలిసిన ఒక సంఘం ఐ5 అనే పేరు చూసి ప్రాసెసరు కొన్నది. తెచ్చింది నాలుగవ తరానిది, 1150 సాకెట్టుది. వారి బోర్డు 1155. పక్కనున్న గాట్లు కలవకపోయినా కుర్రవాడు వేలితో నొక్కి కూర్చోబెట్టబోయాడు. సాకెట్టులోని వెంట్రుకలాంటి కొనలు వంగిపోయి బోర్డు కూడా పోయింది. ఆ పక్షం బిల్లు చేతితో రాయవలసి వచ్చింది. ఐ3, ఐ5, ఐ7 అన్నవి తరగతుల పేర్లే. అవి ఏ సాకెట్టువో ఆ పేరు చెప్పదు. దాని తర్వాత వచ్చే అంకె చూడాలి. ఐ5-2400లో మొదటి 2 రెండవ తరమని, ఐ5-3470లో మొదటి 3 మూడవ తరమని అర్థం. ఈ రెండు తరాలే 1155 సాకెట్టువి.

మీ బోర్డు ఏదో తెలుసుకోవడానికి మూత విప్పి బోర్డు మీద అచ్చువేసిన పేరు చదవవచ్చు. లేదా విండోస్ రన్ పెట్టెలో ఎమ్ఎస్ఇన్ఫో32 అని ఇంగ్లీషు అక్షరాలలో కొడితే బోర్డు పేరు, ఇప్పుడున్న ప్రాసెసరు, బయోస్ తేదీ కనబడతాయి. ఆ పేరుతో బోర్డు కంపెనీవారి జాబితా చూస్తే, ఆ బోర్డు తీసుకునే ప్రాసెసర్లన్నీ, ఒక్కొక్కదానికి కావలసిన బయోస్ సంఖ్యతో సహా వరుసగా ఉంటాయి. ఈ జాబితా ప్రతి తీర్మానానికి జతచేయవలెనని మా సలహా. దుకాణదారు నోటిమాట దీనికి బదులు కాదు.

హెచ్61 బోర్డు ఉన్నవారికి

2011లో వచ్చిన హెచ్61 రకం బోర్డులు మన ప్రాంతాల్లో కూర్చి అమ్మిన యంత్రాలలో లెక్కలేనన్ని. చాలావాటికి వెనుక పాత సీరియల్ పోర్టు కూడా ఉండటంతో ఎనలైజరు, తూకం యంత్రం తేలికగా కలిసేవి. ఆ సౌకర్యం వదులుకోలేకే కొన్ని సంఘాలు ఇప్పటికీ వాటిని ఉంచుకున్నవి. కనుక ఈ బోర్డు గురించి కొంచెం విపులంగా చెబుతున్నాము.

ఇందులో సాధారణంగా వచ్చినది పెంటియమ్ జి630 వంటి ప్రాసెసరు: రెండు కోర్లు, 2.7 గిగాహెర్ట్జ్, 65 వాట్లు. దీని స్థానంలో రెండవ తరం ఐ5-2400 వేస్తే నాలుగు కోర్లు, 3.1 గిగాహెర్ట్జ్, పనిబడినప్పుడు 3.4 దాకా, 95 వాట్లు. మూడవ తరం ఐ5-3470 వేస్తే నాలుగు కోర్లు, 3.2 గిగాహెర్ట్జ్, పనిబడినప్పుడు 3.6 దాకా, అయినా 77 వాట్లే. ఐ7-3770 ఇంకా పైది. సంఘం పనులకు అంత అవసరం లేదని మా అభిప్రాయం. ఆ తేడా సొమ్ము ఎస్.ఎస్.డి. మీద పెడితే సార్థకం.

పేరు చివర అక్షరం ఉంటే దాని అర్థం అడగకుండా కొనవద్దు. ఐ5-3470, ఐ5-3470టి రెండూ ఒకటే అనుకుంటారు. టి అన్నది తక్కువ కరెంటు రకం, 35 వాట్లది, దానిలో కోర్లు రెండే. ఐ5-3350పి వంటి పి రకాలలో తెరకు బొమ్మ పంపే విభాగం లేదు. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని మన యంత్రాలలో అది వేస్తే తెర నల్లగానే ఉంటుంది.

77 వాట్లదాన్ని చూసి చాలామంది ఐ5-3470 వైపు మొగ్గుతారు, అది న్యాయమే. కాని ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. హెచ్61 బోర్డు వచ్చేనాటికి మూడవ తరం ఇంకా పుట్టలేదు; అది 2012లో వచ్చింది. కనుక పాత బయోస్ ఉన్న బోర్డు దాన్ని గుర్తించదు. బయోస్ అంటే యంత్రం మేల్కొనగానే చదువుకునే తొలి పాఠం, బోర్డు మీద చిప్పులో రాసి ఉంటుంది. పాత ప్రాసెసరు ఉండగానే కొత్త బయోస్ ఎక్కించాలి, ఆ తర్వాతే ప్రాసెసరు మార్చాలి. వరుస తప్పితే తెర వెలగదు, మళ్ళీ పాతది పెట్టి మొదలుపెట్టాలి. కొన్ని కంపెనీల రెడీమేడ్ యంత్రాలకు మూడవ తరానికి కావలసిన బయోస్ ఇవ్వనే లేదు. అటువంటివారికి రెండవ తరమే గతి.

బయోస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు మూగదైపోవచ్చు. తిరిగి బతికించాలంటే ప్రత్యేక పరికరం ఉన్న మెకానిక్కు కావాలి. మన గ్రామాలలో కరెంటు సంగతి చెప్పనక్కరలేదు. యు.పి.ఎస్. బ్యాటరీ నిలబడుతున్నదా లేదా అని ముందురోజే ప్లగ్గు పీకి చూసుకోండి. బ్యాటరీ నమ్మకం లేనివారు, బయోస్ జోలికి పోకుండా రెండవ తరం ఐ5-2400తో సరిపెట్టుకోవడం తెలివైన పని. రెండింటి మధ్య తేడా సంఘం పనిలో పెద్దగా కనబడదు. కాకపోతే 95 వాట్ల వేడికి పెంటియమ్‌తో వచ్చిన పలుచని కూలరు చాలకపోవచ్చు, మందమైనది తీసుకోవాలి. 1150, 1151 బోర్డుల కూలర్లకు కూడా రంధ్రాల కొలత ఇదే కనుక అవి పడతాయి.

ఈ ప్రాసెసర్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మార్కెట్టులో దొరికేవి పాత యంత్రాల నుండి తీసినవే. “కొత్తది, సీలు పెట్టెలో ఉన్నది” అని ఎవరైనా అంటే నమ్మకండి. పాతదైనంత మాత్రాన భయపడనక్కరలేదు, ప్రాసెసరు అంత తేలికగా చెడిపోయే వస్తువు కాదు. మూత మీద చెక్కిన పేరు చదవాలి, అడుగున ఉన్న బంగారు చుక్కలు గీతలు పడకుండా ఉండాలి, దుకాణంలోనే ఏదైనా బోర్డులో పెట్టి తెర మీద పేరు చూపించమనాలి. రశీదు మీద మోడల్ సంఖ్య పూర్తిగా రాయించుకోవాలి, పనిచేయకపోతే ఎన్ని రోజులలో తిరిగి తీసుకుంటారో కూడా రాయించుకోవాలి. ఆడిట్‌లో అడిగేది ఆ రశీదునే.

విండోస్ సంగతి

కొందరు ప్రాసెసరు మార్చితే విండోస్ 11 వేసుకోవచ్చునన్న ఆశతో ఉన్నారు. ఇది స్పష్టంగా చెప్పవలసిన విషయం. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11కు ఇంటెల్ వైపు ఎనిమిదవ తరం నుండి మొదలయ్యే జాబితా, దానితోపాటు టి.పి.ఎమ్. 2.0 అనే భద్రతా ఏర్పాటు అడుగుతున్నారు. 1155 సాకెట్టులో ఎంత పెద్ద ప్రాసెసరు వేసినా ఆ జాబితాలోకి రాదు. అడ్డదారిన ఎక్కించేవారు ఉన్నారు. సభ్యుల సొమ్ము కదిలే యంత్రానికి అది తగదు.

కాబట్టి ఈ యంత్రం మీదనే బ్యాంకు పనులు చేయవలసిన సంఘం, పాత బోర్డు మీద ప్రాసెసరుకు ఖర్చుపెట్టకుండా ఆ సొమ్మును కొత్త యంత్రానికో, ఎనిమిదవ తరం లేక దాని తర్వాతి తరం ఉన్న, ఆఫీసులలో వాడి అమ్మిన యంత్రానికో కూడబెట్టడం మేలు. అలాకాక, పాతదాన్ని ఇంటర్నెట్టు తీగ పీకి కేవలం పాలసేకరణకు, చీటీలకు, బిల్లు లెక్కకు ఉంచుకొని, సొమ్ము పంపే పని వేరే యంత్రం మీద చేసుకునే సంఘాలకు పాత బోర్డు ఇంకా కొన్నేళ్ళు సేవ చేస్తుంది. అయితే బరువైన ఇంటర్నెట్టు పని తీసివేసిన తర్వాత పాత పెంటియమే చాలునేమో, మళ్ళీ ఒకసారి టాస్క్ మేనేజర్ చూడండి. ఖర్చు తప్పిపోయిన సందర్భాలు ఇక్కడే ఎక్కువ.

మార్చే విధానం

నిర్ణయమైతే ఉదయం పూట సేకరణ ముగిసి వ్యాను వెళ్ళిన తర్వాత మొదలుపెట్టండి. సాయంత్రం పూటకు నాలుగైదు గంటలు చేతిలో ఉంటాయి. బిల్లు తీసే రోజున మాత్రం ముట్టుకోవద్దు. సభ్యుల ఖాతాలు, ఆ పక్షం పాల వివరాలు రెండు వేర్వేరు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, అవి మరో యంత్రంలో తెరుచుకుంటున్నవో లేదో చూసిన తర్వాతే మూత విప్పాలి. చేతిరాత రిజిస్టరు కూడా సిద్ధంగా ఉంచండి.

ముందు యంత్రాన్ని పది నిమిషాలు నడపండి. కూలరు కింద ఎండిన పేస్టు వేడికి మెత్తబడుతుంది. తర్వాత ఆపి, ప్లగ్గు పీకి, మీట ఒకసారి నొక్కి వదలండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఇనుప పెట్టెను చేత్తో తాకి పని మొదలుపెట్టండి; ఒంటి మీది స్థిరవిద్యుత్తు చిప్పులకు హాని. ఇంటెల్ కూలరుకు నాలుగు మూలలా ప్లాస్టిక్ మేకులుంటాయి. పంకా తీగ ఊడదీసి, మేకులను బాణం గుర్తు ఉన్న వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగాలి. కూలరును అటూ ఇటూ మెల్లగా మెలితిప్పి తీయాలి, నిలువునా పెరకకూడదు. ఎ.ఎమ్.డి. పాత రకాలలో, ఎ.ఎమ్.4లో కొనలు ప్రాసెసరుకే ఉంటాయి. పెరికితే ప్రాసెసరు కూలరుకు అంటుకొని ఊడివచ్చి కొనలు వంగుతాయి.

సాకెట్టు పక్కనున్న ఇనుప చువ్వను నొక్కి పక్కకు జరిపి లేపితే పైమూత తెరుచుకుంటుంది. ప్రాసెసరును అంచులు పట్టుకొని నిలువునా పైకి తీయండి. కింద కనిపించే 1,155 కొనల మీద వేలు గాని, గుడ్డ గాని, బ్రష్షు గాని తగలరాదు. ఆ మాట మరువరాదు. కొత్త ప్రాసెసరు రెండు పక్కలా ఉన్న గాట్లను సాకెట్టు గుర్తులతో కలిపి, నొక్కకుండా అలా వదలండి. సరిగ్గా కూర్చుంటే దానంతటదే సర్దుకుంటుంది. నొక్కవలసి వస్తున్నదంటే ఏదో తేడా ఉన్నదని అర్థం, ఆగిపోండి. ఆ తర్వాత మూత దించి చువ్వ వేసేటప్పుడు మాత్రం కొంత బలం పడుతుంది, చిన్న కిర్రుమన్న శబ్దం కూడా రావచ్చు. దానికి భయపడనక్కరలేదు.

ప్రాసెసరు వీపు మీద పెసరగింజంత పేస్టు నడుమ పెట్టండి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు, మందమైన పొర వేడిని ఆపుతుంది. కూలరు అడుగున పాత పేస్టు తుడిచివేసి, తిన్నగా దించి, మేకులను మూలకు మూల ఎదురెదురుగా టక్కున నొక్కాలి. నాలుగూ బోర్డు వెనుకకు దిగినవో లేదో టార్చి వేసి చూడండి. ఒక్కటి పట్టకపోయినా కూలరు ఒకపక్క లేచి వేడెక్కుతుంది. పంకా తీగను సి.పి.యు. ఫ్యాన్ అని రాసి ఉన్నచోట పెట్టండి.

యంత్రం మొదలుపెట్టగానే బయోస్ పేజీలోకి వెళ్ళి ప్రాసెసరు పేరు, వేడి అంకె చూడండి. పేరు కొన్నదేనా? వేడి నిమిషం నిమిషానికి ఎగబాకుతుంటే వెంటనే ఆపి మేకులు చూడండి. సాధారణంగా విండోస్ మళ్ళీ వేయనక్కరలేదు, తనంతట తానే సర్దుకుంటుంది. ఎనలైజరుతో, తూకంతో ఒక నీళ్ళ శాంపిలు వేసి అంకెలు తెర మీదికి వస్తున్నవో లేదో చూసుకోండి. ఆ సాయంత్రం, మరుసటి ఉదయం రెండు పూటలూ చేతిరాత రిజిస్టరులో కూడా రాయండి. రెండు లెక్కలు పైసాతో సహా కలిస్తే మూత బిగించవచ్చు.

ఊడదీసిన పాత ప్రాసెసరును దుకాణదారుకు మార్పిడి కింద ఇచ్చివేయవద్దు. దాని విలువ స్వల్పం. కొత్తది ఎప్పుడైనా మొరాయిస్తే బోర్డును లేపి చూడటానికి అదే ఆధారం. కొత్తది వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పాత కూలరుతో సహా, మోడల్ సంఖ్య రాసిన చీటీ అంటించి, డెడ్ స్టాక్ రిజిస్టరులో ఎక్కించి బీరువాలో ఉంచండి.